తలెత్తి చూసినవాడు

మొన్న కొండాపూర్‌లో రోడ్డు పక్కన ఆటో కోసం నిలబడి ఉంటే ఈల మూడుసార్లు మోగింది. ఎర్ర జెండా పట్టుకున్న మనిషి వచ్చి బండ్లు ఆపేశాడు. రేకుల ప్రహరీ వెనకాల ఏదో పెద్ద భవనానికి పునాదులు తవ్వుతున్నారు, అడ్డొచ్చిన బండను పేల్చబోతున్నారు. నా చుట్టూ ఉన్నవాళ్ళంతా ఫోన్లు పైకెత్తారు. నేను మాత్రం ఫుట్‌పాత్ మీద చతికిలబడి, తల మోకాళ్ళ మధ్యకు దించి, మెడ వెనక రెండు చేతులూ వేసుకుని, నోరు బార్లా తెరిచాను. పేలుడు అయిపోయాక ఒక అమ్మాయి వంగి, "ఏమైంది ఆంటీ, కళ్ళు తిరిగాయా?" అని నీళ్ళ సీసా అందించింది. అలవాటమ్మా అని చెప్పి లేచాను. ఆ పిల్లకు అర్థమై ఉండదు.

ఆ అలవాటు నేర్పిన మనిషి పోయి చాలా ఏళ్ళయింది. రాళ్ళ మధ్య పోలేదు. ముసలితనంలో నాలుగు రోజులు జ్వరం వచ్చి, ఇంట్లో మంచం మీద నిద్రలో పోయాడట. మందుతో పనిచేసేవాళ్ళలో అలా పోయేవాళ్ళు తక్కువ.

మందు అంటే తాగేది కాదు, రాయిని పేల్చేది. మా సైటులో ఆయన్ని అందరూ మందు మేస్త్రి అనేవాళ్ళు. హాజరు పుస్తకంలో ఆయనకు పేరు ఉండేది గానీ ఆ పేరుతో ఎవరూ పిలవగా వినలేదు. కొత్తగా వచ్చిన కూలీలు ఆ పిలుపు విని నవ్వితే, "ఔ, గదే మందు. ఒక్క చుక్క సాలు, మల్ల లేవవు" అనేవాడు. ఆయన బీడీ కూడా ముట్టడు.

తొంభైల చివరి మాట ఇది. నాకు ఇరవై మూడేళ్ళు. తెనాలి దగ్గర పల్లెటూరి నుంచి సివిల్ డిప్లొమా పట్టుకుని వచ్చి, అమీర్‌పేట లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీల కోసం కట్టిన గుండ్రటి భవనం అప్పుడే లేచింది. దాన్ని దాటి కొండాపూర్ వైపు వెళ్తే దారికి రెండు పక్కలా బండలే. ఏనుగుల మంద వచ్చి పడుకున్నట్టు ఉండేవి. అందులో కొన్ని ఎకరాలు చదును చేసి ఒక కంప్యూటర్ కంపెనీకి అప్పగించే కాంట్రాక్టులో నాది నేల ఎత్తుపల్లాలు కొలిచే ఉద్యోగం. సైటు మొత్తానికి ఆడ ఇంజనీరును నేనొక్కదాన్నే.

మొదటిరోజు ఎవరో వేలు పెట్టి చూపిస్తే ఆయన దగ్గరికి వెళ్ళి, "మేస్త్రిగారండీ, పేల్చేటప్పుడు నేనెక్కడ నిలబడాలండీ?" అన్నాను.

ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూసి, "గారు ఒకటి, అండి ఒకటి. రెండెందుకు బిడ్డా, మోస్తే బరువైతది" అన్నాడు. తరవాత, "నిలవడుడు లేదు, పండుడే. నా కుడి దిక్కుకు రా. ఎడమ చెవు ఎప్పుడో పోయింది" అన్నాడు.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. యాభై అయిదు దాటి ఉంటాయి. పేల్చిన ప్రతిసారీ మీసాలు తెల్లగా దుమ్ము కొట్టుకుపోయేవి. అన్నానికి కూర్చునే ముందు జేబులోంచి పళ్ళు ఊడిన దువ్వెన తీసి మీసం దువ్వుకునేవాడు. చేతులకు మందు వాసన ఉంటే తలనొప్పి పట్టుకుంటుందని చింతపండుతో మోచేతుల దాకా తోముకునేవాడు. ఎవరైనా చేతులు కడగకుండా సద్ది విప్పితే ఆ సద్ది మూట కట్టేసి మళ్ళీ వాళ్ళ ఒళ్ళో పెట్టేవాడు.

రాయి దగ్గర ఆయనకు తొందరే ఉండేది కాదు. బండ మీద బిందెడు నీళ్ళు కుమ్మరించి, పక్కన గొంతుక్కూర్చుని చూస్తూ ఉండేవాడు. ఎండకు బండంతా ఆరిపోయాక ఎక్కడో ఒకచోట సన్నటి గీత మాత్రం తడిగా మిగిలేది. కంటికి కనిపించని పగులు అది. "గదీ దాని తొవ్వ. మనం తొవ్వ ఎయ్యొద్దు, ఉన్న తొవ్వల పోవాలె" అని ఆ గీత వెంట బొగ్గుతో గుర్తులు పెట్టేవాడు. మా సైట్ ఇంజనీరు గడియారం చూసుకుంటూ అసహనంగా తిరుగుతుంటే, "రాయికి లేని పరేషాన్ సార్‌కు ఎందుకో" అనేవాడు, ఆయనకు వినబడేటట్టే.

ఒత్తి అంటించాక పరుగెత్తేవాడు కాదు. నడిచేవాడు. ఉరికినోడు పడతడు అనేవాడు. నడిచి వచ్చి, మేమంతా దాక్కున్న గుంతలో దిగి, బోర్లా పడుకునేవాడు. ముఖం మట్టిలో, చేతులు మెడ మీద. "నోరు తెరువుండ్రి, చెవులు బతుకుతయ్!" అని ఒక్క కేక. పక్కన ఎవరుంటే వాళ్ళ మెడ మీద అరచెయ్యి వేసి నేలకు వంచేవాడు. మొదటిసారి నా మెడ మీద ఆ చెయ్యి పడ్డప్పుడు నాకు కోపం వచ్చింది. ఆడపిల్లనని కూడా చూడకుండా ఇదేమిటి అనుకున్నాను. తరవాత గుప్పెడంత రాయి వచ్చి మా గుంత అంచుకు కొట్టుకుని పడింది. అప్పటినుంచి ఆ చెయ్యి పడకపోతే నాకే భయంగా ఉండేది.

పదకొండు చోట్ల మందు పెడితే పదకొండు చప్పుళ్ళు రావాలి. కళ్ళు మూసుకుని, వేళ్ళు ఒక్కొక్కటే మట్టిలో నొక్కుతూ లెక్కపెట్టేవాడు. ఒక చెవే పనిచేసేది కాబట్టి కడుపుతో వినేవాడని కూలీలు చెప్పేవాళ్ళు. లెక్క సరిపోతే తానొక్కడే ముందు లేచి పొగలోకి వెళ్ళేవాడు. సరిపోకపోతే ఆ పూటకు ఎవరినీ కదలనిచ్చేవాడు కాదు.

ఒకరోజు అడిగాను. "పేలేటప్పుడు ఎలా ఉంటుందో మీరెప్పుడైనా చూశారా మేస్త్రిగారూ?"

"సూసేది మన పని గాదు బిడ్డా. దూరంకెల్లి మంది సూస్తరు. మనం ఇనాలె" అన్నాడు. అని, అప్పటిదాకా నవ్వుతూ ఉన్న మనిషి ముఖం తిప్పేసుకున్నాడు.

సుత్తె కొట్టే ముసలాయన నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. "గా ముచ్చట అడగకు బిడ్డా. ఆయనకో తమ్ముడుండె. ఇరవై ఏండ్ల కింద, శేరిలింగంపల్లి దిక్కు రాళ్ళ పనిల, పేలంగ తలకాయ ఎత్తి సూసిండు. రాయొచ్చి తాకింది. ఆడికాడికే పోయిండు."

తమ్ముడి గురించి మేస్త్రి నోట ఎప్పుడైనా వచ్చేది ఒక్కటే మాట. "మా అవ్వకు ఇద్దరం కొడుకులం. నాకు బుద్ధి ఇచ్చింది, వానికి కండ్లు ఇచ్చింది." అందులో ప్రేమ వినిపించేది కాదు. ఇరవై ఏళ్ళ కిందటి కోపం అలాగే ఉండేది.

ఆ ఎండాకాలం ఒక యుద్ధం సినిమా వచ్చింది. పరదేశపు సినిమా, తెలుగు మాటలు పెట్టి వదిలారు. మా హాస్టల్లో, బస్సులో, సైటులో టీ కొట్టు దగ్గర, ఎక్కడ విన్నా అదే మాట. అందులో ఒక కొండను పేల్చే ఘట్టం ఉంది. శత్రువుల దండు కింద లోయలో నడుస్తుంటే కొండకు కొండే లేస్తుంది. మాట లేదు, సంగీతం లేదు, రెండు నిమిషాల పాటు కెమెరా దాని చుట్టూ మెల్లగా తిరుగుతుంది. థియేటర్లో కొత్తగా పెట్టిన స్పీకర్లకు కుర్చీలు అదిరేవి. జనం కాగితాలు చింపి ఎగరేసేవాళ్ళు. మా గదిలో కంప్యూటర్ కోర్సు చేసే అమ్మాయి, అదంతా గ్రాఫిక్స్ అని, ఒక్కో రాయినీ విడిగా గీశారని గొప్పగా చెప్పింది. ఆమె పక్క మంచం అమ్మాయి ఆ లోయలో చచ్చిపోయిన గుర్రాల కోసం ఏడ్చింది. మా టిప్పర్ డ్రైవర్ మూడుసార్లు చూశాడు, మూడుసార్లూ కొండ అయిపోగానే బయటికి వచ్చేశాడు. మా సైట్ ఇంజనీరుకు సినిమాల పిచ్చి. కింది భాగం చదును పూర్తయిందని, ఆదివారం మొత్తం ముఠాను ఆ సినిమాకు తీసుకుపోతానన్నాడు.

మేస్త్రి రానన్నాడు. "దినాం సూస్త గద" అన్నాడు. వెంటనే తనే సర్దుకుని, "దినాం సప్పుడు ఇంట గద" అన్నాడు. కూలీలు చేతులు పట్టుకుని టిప్పర్ ఎక్కించారు.

కూకట్‌పల్లి వైపు ఒక థియేటర్. నా ఎడమ పక్క కుర్చీ ఆయనది, నేను ఆయన పనిచేసే చెవి వైపు కూర్చున్నాను. సగం సినిమా దాకా నిద్రపోతున్నాడేమో అనిపించింది. కొండ ఘట్టం రాబోతుందని ముందే చూసినవాళ్ళు ఈలలు మొదలుపెట్టారు. తెర మీద ఒక సైనికాధికారి కూడా ఈల ఊదాడు.

ఆ ఈల వినగానే మేస్త్రి ముందుకు వంగిపోయాడు. తల మోకాళ్ళ మధ్యకు పోయింది, చేతులు మెడ వెనక్కి పోయాయి. "పండుండ్రి! నోరు తెరువుండ్రి!" అని అరిచాడు. ఎడమ చెయ్యి అటు పక్కవాడి మెడ మీద వేసి వంచాడు. వాడు మా మనిషి కాదు, ఎవరో కాలేజీ కుర్రాడు. వాడు గింజుకున్నాడు. వెనక వరసలన్నీ నవ్వాయి. "పెద్దమనిషికి గుండె పోయినట్టుందిరా" అని ఎవరో అన్నారు. నేను ఆయన భుజం కుదిపి, "మేస్త్రిగారూ, సినిమా! సినిమా ఇది!" అన్నాను. ఆయనకు తెలుసు. తల ఊపుతున్నాడు. కానీ లేవలేకపోతున్నాడు. తల ఎత్తేసరికి కొండ అయిపోయి, తెర నిండా పొగ ఉంది.

ఇంటర్వెల్లో కూలీలు ఆయన్ని ఆటపట్టించారు. ఆయన నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచి, "ఏమైంది బిడ్డా ఆడ? కొండ ఎట్ల లేసింది?" అని అడిగాడు. నాకు తోచినట్టు చెప్పాను. విని, "నిండ ముప్పై ఏండ్లు. ఒక్కపారన్న సూడలే" అన్నాడు.

బుధవారం నాడు నేను కొలతలు తీస్తుంటే వచ్చి నిలబడ్డాడు. తరవాత, "బిడ్డా, ఇంకోపారి వోదమా ఆ సిన్మకు?" అన్నాడు.

"మీరు కూలీలతో వెళ్ళొచ్చు కదండీ."

"వాళ్ళు నవ్వుతరు. నాకు తల వంగకుంట పట్టుకునేటోళ్ళు గావాలె."

ఆ ఆదివారం మ్యాట్నీకి వెళ్ళాం. ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ ఘట్టం దగ్గరపడుతుంటే ఆయన కుర్చీ చేతుల్ని పట్టుకున్నాడు. నేను వెనకనుంచి ఆయన చొక్కా కాలరు గట్టిగా పట్టుకున్నాను. ఈల మోగింది. ఆ ఒళ్ళు ఎంత బలంగా ముందుకు లాగిందంటే నా చెయ్యి నొప్పెట్టింది. కాలరు పిగిలిన చప్పుడు వినిపించింది. వదల్లేదు. "చూడండి మేస్త్రిగారూ, చూడండి" అంటూనే ఉన్నాను.

చూశాడు. నోరు తెరిచే ఉంది, అది మానలేకపోయాడు. కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి. కొండ నేలను వదిలి పైకి లేచింది. మధ్యలో ఒక క్షణం ఎటూ పోకుండా గాలిలో ఆగింది. చుట్టూ అంతా ఈలలు, కాగితపు ముక్కలు. ఆయన మీద కూడా పడ్డాయి, దులుపుకోలేదు. కొండ కింద పడ్డాక లేచి, మిగతా యుద్ధంలో ఎవరు గెలిచారో చూడకుండా బయటికి నడిచాడు. నేనూ వెనకే వెళ్ళాను.

సైకిల్ స్టాండ్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "పొగ తప్పు" అన్నాడు ముందు. "పొగ గంత నల్లగ రాదు. రాళ్ళు గూడ గంత తేలిగ్గ పడయ్. అట్టలవి." తరవాత, "లేసుడు మాత్రం నిజం" అన్నాడు.

నాకు ఏదో చెప్పాలనిపించి, "అది నిజం కొండ కాదండీ, కంప్యూటర్లో గీశారట" అన్నాను.

"గీసినోడు ఏడనో ఒక కాడ సూసే ఉంటడు గద బిడ్డా. సూడనిది ఎట్ల గీస్తడు?"

ఆ తరవాత తమ్ముడి గురించి చెప్పాడు. ఇద్దరూ ఒకే గుంతలో పడుకునేవాళ్ళట. ప్రతిసారీ తమ్ముడు, "అన్నా, ఒక్కపారి సూస్తనే" అని బతిమాలేవాడట. ఈయన వాడి మెడ మీద చెయ్యి వేసి నేలకు నొక్కేవాడు. ఒకరోజు బండ మరీ పెద్దదని ఇద్దరూ చెరో వైపునా ఒత్తులు అంటించి, చెరో గుంతలో దాక్కున్నారు. "ఆ దినం నా చెయ్యి ఆడ లేదు" అన్నాడు. లెక్క సరిగ్గా వచ్చిందట, ఎన్ని పెట్టారో అన్నీ పేలాయట. సంబరంగా లేచి అటు వెళ్ళాడట.

"గంత కోపమొచ్చింది బిడ్డా నాకు. ఏడుపు రాలే, కోపమొచ్చింది. వాని దశదినం నాడు మంది నడిమిట్ల వాని పెండ్లాన్ని పట్టుకోని నేనన్న, నీ మొగడు తమాష సూడవొయ్యి సచ్చిండు అని. పంతొమ్మిదేండ్ల పోరి. గప్పటిసంది నాతోని మాట్లాడలే. ఒక్క గోడనే మాకు అడ్డం. నా ఇంటామె బతికున్నన్ని దినాలు ఈ దిక్కు మాట ఆ దిక్కు మోసింది. ఆమె పొయ్యి నాలుగేండ్లు. ఇగ మాటనే లేదు."

పిగిలిన కాలరు వేళ్ళతో సవరించుకుంటూ, "గంత మంచిగుంటదని నాకెర్క లేదు" అన్నాడు. "ఎర్కుంటే నేను గూడ ఎత్తెటోన్ని గావచ్చు తల."

మూడోసారి ఆ సినిమాకు ఆయనే టిక్కెట్లు తెచ్చాడు. మూడు. "మా మరదల్ని పిలువు బిడ్డా. నేను పిలిస్తే రాదు."

బోరబండ రైల్వే స్టేషన్ బయట బొగ్గుల కుంపటి పెట్టుకుని మొక్కజొన్న కంకులు కాల్చి అమ్మేది ఆమె. నలభై ఏళ్ళుంటాయి. గట్టి మనిషి. విసనకర్ర ఆపకుండానే నేను చెప్పిందంతా విన్నది.

"సిన్మలు సూసే ఏండ్లా నాయి?" అంది. ఒక కంకి తిప్పి, "ఆయన పంపిండా?" అంది.

"అవునమ్మా."

"ఎందుకు?"

"అందులో ఒక కొండను పేలుస్తారు. అది మీరు చూడాలని" అన్నాను.

విసనకర్ర ఆగింది. ఆమె ముఖం చూసి, పొరపాటు మాట అన్నానేమోనని భయపడ్డాను. చేతిలో కంకి మాడుతున్నా చూసుకోలేదు. చివరికి, "ఏ ఆటకు?" అని అడిగింది.

అప్పటికి ఆ సినిమా పాతబడిపోయింది. హాల్లో నాలుగో వంతు కూడా జనం లేరు. ఈలలు లేవు, కాగితాలు లేవు. నేను మధ్యలో కూర్చున్నాను, వాళ్ళిద్దరూ అటూ ఇటూ. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిటారుగా కూర్చుంది. తెర మీద అధికారి ఈల ఊదాడు. నేను అలవాటుగా మేస్త్రి కాలరు పట్టుకోబోయాను. అవసరం లేకపోయింది. ఆయన తెర వంక చూడటం లేదు. పక్కకు తిరిగి, తెర వెలుగులో మరదలి ముఖం వంక చూస్తున్నాడు. కొండ లేచి, ఆగి, పడింది. ఆమె రెప్ప వెయ్యలేదు.

పొగ విడిపోయాక కొంగు తీసి, మెల్లగా, "గిట్ల చెప్పలే" అంది. నాతో కాదు.

"ఏమన్నవ్?" అన్నాడు మేస్త్రి, నా మీదుగా వంగి. ఇరవై ఏళ్ళలో ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది.

"మా ఆయన నాకు గిట్ల చెప్పలే. ఒక్కపారిగ లేస్తదని చెప్పలే. ముందుగాల రాయి మీద దుమ్ము లేస్తదట. చలికి మన చేతుల మీద ఎంటికలు లేసినట్టు. గప్పటికి సప్పుడు గూడ రాదట. అటెన్క రాయి జర ఉబ్బుతదట, పెనం మీద రొట్టె ఉబ్బినట్టు. పగుళ్ళల్లకెల్లి ఎలుగు కనవడ్తదట. గప్పుడు లేస్తదట."

"వాడెప్పుడు సూసిండు?"

"దినాం సూసెటోడు. నువ్వు మెడ మీద చెయ్యేసి వంచితే, నీ చెయ్యి కిందికెల్లి కంటి కొసతోని సూసెటోడట. ఇంటికొచ్చి బువ్వ తినుకుంట నాకు చెప్పెటోడు. ఒక్కో రాయి ఒక్కో తీరుగ లేస్తదనెటోడు. ఏ రెండు ఒక్క తీరుగ ఉండయట."

తెర మీద సైనికులు అరుస్తూ పరుగెత్తుతున్నారు. "నాకెందుకు చెప్పలే?" అన్నాడు మేస్త్రి.

"చెప్తే ఇంకింత గట్టిగ వంచుతవని."

నేను లేచి, ముందు వరసలోకి వెళ్ళి కూర్చున్నాను. వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది. "ఇంకేం చెప్పిండు? చెప్పు." ఆమె చెబుతూనే ఉంది. తెల్లరాయి ఎలా లేస్తుందో, వానకు తడిసిన రాయి ఎలా లేస్తుందో, ఒకసారి బండ సందులోనుంచి ఉడుములు ఎలా బయటికి ఉరికాయో. ముందు కూర్చున్న ఒకాయన వెనక్కి తిరిగి, "ఏందమ్మా, సిన్మ సూడనిస్తరా లేదా?" అన్నాడు. వాళ్ళు వినిపించుకోలేదు.

బయట బస్ స్టాప్ దగ్గర మేస్త్రి ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు. అంత పొడుగు మనిషి వంగిపోయి ఉన్నాడు. "నేనన్న మాట తప్పు" అన్నాడు. "తమాష సూడవొయ్యి సచ్చిండు అన్న. తప్పు."

ఆమె బస్సు వచ్చే వైపు చూస్తూ, "సూసిండు, నిజమే" అంది. "సచ్చిండు, గదీ నిజమే. ఆ రెంటినీ ఒక్క కాడ కట్టి నా నెత్తి మీద పెట్టినవ్ సూడు బావా, గదే మొయ్యలేకపోయిన."

ఇద్దరూ బోరబండ బస్సు ఎక్కారు. ఆమె ముందు వైపు ఆడవాళ్ళ సీట్లో, ఆయన వెనక నిలబడి.

ఆ తరవాత సైటులో ఆయన ఎప్పటిలాగే పనిచేశాడు. నీళ్ళు కుమ్మరించాడు, మీసం దువ్వుకున్నాడు, వేళ్ళు మట్టిలో నొక్కి లెక్కపెట్టాడు. పేలేటప్పుడు తల ఎత్తలేదు, ఎవరినీ ఎత్తనివ్వలేదు. "ఇప్పుడు మీకు చూడాలనిపించదా?" అని ఒకసారి అడిగితే, "మా మరదలు చెప్తున్నది గద" అన్నాడు. సాయంత్రాలు గోడకు అటు ఆమె, ఇటు ఈయన కూర్చుని మాట్లాడుకుంటారని, ఒక్కోసారి పోట్లాడుకుంటారని కూలీలు చెప్పేవాళ్ళు. పోట్లాట కూడా ఆ తమ్ముడి గురించేనట. వాడికి పప్పు ఇష్టమని ఆయన, కాదు పచ్చిపులుసని ఆమె.

చలికాలం మొదలయ్యేసరికి మా సైటు చదును పూర్తయింది. నన్ను వేరే చోటికి పంపించారు. వెళ్ళే ముందు బోరబండ వెళ్ళాను. మేస్త్రి ఇంట్లో లేడు, ఎక్కడో పని చూడటానికి వెళ్ళాడు. ఆమె స్టేషన్ దగ్గర కుంపటి రాజేస్తూ ఉంది. నన్ను పీట మీద కూర్చోబెట్టి, ఆ మధ్యే వచ్చిన పెత్రమాస సంగతి చెప్పింది. పెత్రమాస అంటే ఇంట్లో పోయినవాళ్ళ పేర చాటలో బియ్యం, కూరగాయలు పెట్టి అయ్యగారికి ఇచ్చే అమావాస్య. ఇన్నేళ్ళుగా మేస్త్రి అమ్మ పేర, నాన్న పేర ఇచ్చేవాడు, భార్య పోయాక ఆమె పేర కూడా ఇచ్చేవాడు. తమ్ముడి పేర మాత్రం ఎప్పుడూ ఇవ్వలేదు. ఆమె తన గుమ్మంలో తాను విడిగా ఇచ్చుకునేది.

"ఈయేడు పొద్దుగాల్నే తానం చేసి చాట పట్టుకోని నా గడపల కొచ్చి నిలవడ్డడు. ఇద్దరం కలిసి ఇద్దం పా అన్నడు. అయ్యగారు కొత్తాయన. పేర్లు అడుగుతున్నడు. అవ్వ పేరు చెప్పిండు, నాయిన పేరు చెప్పిండు, ఆయన ఇంటామె, మా అక్క పేరు చెప్పిండు. మా ఆయన పేరు కాడికొచ్చేటాలకు మెల్లగ అన్నడు. అయ్యగారికి ఇనవడలే. మల్ల అడిగిండు. గప్పుడు గట్టిగ చెప్పిండు, వాడకంత ఇనవడేటట్టు."

ఆమె కంకి మీద ఉప్పూ కారం నిమ్మచెక్కతో రుద్ది నా చేతికిచ్చింది.

"చిన్నోడే గద, ఎట్ల పోయిండు అని అడిగిండు అయ్యగారు. నేను కింద సూసుకుంట నిలవడ్డ. ఏమంటడో అని భయమైంది నాకు. 'పనిల పోయిండు' అన్నడు బిడ్డా."

రైలు వచ్చింది. జనం దిగి కంకుల కోసం చుట్టూ మూగారు. ఆమె వాళ్ళ వంక చూడలేదు.

"పనిల పోయిండు అన్నడు" అని ఇంకోసారి చెప్పింది.